రేసుల నుంచి వచ్చిన గుర్రం, ఊడిపోతున్న లాడాలు: ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: మాది చేవెళ్ళ దగ్గర పల్లె. రేసుల నుంచి తప్పించిన ఒక ఆడగుర్రాన్ని రెండేళ్ళ క్రితం మా అమ్మాయి కోసం కొన్నాం. రేసుల కోసం పెంచే థరోబ్రెడ్ జాతి, తొమ్మిదేళ్ళది. వారాంతాల్లో అమ్మాయి చెరువు కట్ట దాకా స్వారీ చేస్తుంది. దారిలో సగం సీసీ రోడ్డు, సగం కంకర తేలిన మట్టిబాట. గుర్రాలకు లాడాలు కొట్టే నాల్బంద్ హైదరాబాద్ నుంచి రావాలి, రెండున్నర నెలలకోసారి వస్తే గొప్ప. ముందు కుడికాలి లాడం ఈ ఏడాది మూడుసార్లు ఊడిపోయింది. లాడాలు కొట్టడం హింస, అన్నీ తీసేయాలని అమ్మాయి పట్టు. లాడాల్లేని గుర్రం గుర్రమేనా అని మా నాన్న. సంతలో ఎడ్లకు లాడాలు కొట్టే ఆయన వచ్చే వారం తను కొడతానంటున్నాడు. దాణాగా ఉలవలు, గోధుమ తవుడు, నేపియర్ గడ్డి, కొంచెం బెల్లం పెడుతున్నాం. నాకైతే రోజూ దాని కాళ్ళు చూస్తేనే టెన్షన్. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు సంతలో ఆయన సంగతి తేల్చేద్దాం, అది వచ్చే వారమే జరిగిపోయేలా ఉంది కాబట్టి. వద్దండి. ఆయన పనితనాన్ని శంకించి చెప్పడం లేదు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది. ఒక్కో చీలికకూ ఒక్కో పలుచటి బిళ్ళ, నాలుగు కాళ్ళకూ కలిపి ఎనిమిది. ఎద్దును పడేసి, కాళ్ళు కట్టేసి కొడతారు. గుర్రాన్ని నిలబెట్టి, కాలు ఒళ్ళోకి తీసుకుని కొట్టాలి. మేకు కూడా వేరే. గుర్రపు మేకుకు మొన దగ్గర ఒకవైపు ఏటవాలుగా ఉంటుంది, అందువల్ల అది దిగుతూ దిగుతూ గిట్ట గోడలోంచి బయటికి వంపు తిరుగుతుంది. ఆ ఏటవాలు తెలియక తిప్పి పట్టి కొట్టారా, లోపలికి పోతుంది. ప్రాణమున్న చోట గుచ్చుకుంటే గుర్రం అప్పుడే కుంటుతుంది. గుచ్చుకోకుండా పక్కనే ఒత్తుకుంటే ఆ రోజు బాగానే నడిచి, కొద్ది రోజులకు చీము పట్టి కాలు నేలమీద మోపలేకపోతుంది. ఆయన్ను ఎడ్లకే ఉంచండి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ‘రెండున్నర నెలలు’. గిట్ట నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లాడం కింద ఉంటే అరిగే దారి లేదు. అంటే నాల్బంద్ మళ్ళీ వచ్చేసరికి దగ్గర దగ్గర రెండు సెంటీమీటర్ల అదనపు గిట్టతో ఆ గుర్రం తిరుగుతోంది. ముందు మొన సాగిపోతుంది. మొనతో పాటు లాడమూ ముందుకు జరుగుతుంది. దాని వెనక కొసలు మడమ గోడ మీద ఆనాల్సింది పోయి లోపలికి జారి అరికాలిని నొక్కుతాయి. గోడ బయట మడిచిన మేకు మొనలు లేచి వదులవుతాయి. ఒక రోజు వెనక కాలు వచ్చి ముందు లాడం అంచును తొక్కుతుంది, అది ఊడుతూ ఊడుతూ గోడలో ఒక ముక్కను పట్టుకుపోతుంది. ఈసారి మేకు కొట్టడానికి గట్టి చోటు ఇంకా తక్కువ. కుడికాలు మూడుసార్లు ఊడటానికి కారణం ఇదేనని నా అనుమానం. నాల్బంద్ మేకులు సరిగా కొట్టలేదని ఆయన్ను అనుకుని లాభం లేదు.

లాడాలున్న గుర్రానికి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి పని జరగాలి. లాడాల్లేకపోయినా దాదాపు అంతే. తీసేస్తే నాల్బంద్ బాధ తప్పుతుందనుకోకండి, చెక్కడం తప్పదు. చేవెళ్ళ, మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌లలో గుర్రాలున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇద్దరు ముగ్గురిని కలుపుకుని అయిదు వారాలకోసారి ఒక రోజు ఖాయం చేసి, మలక్‌పేట రేసుకోర్సు చుట్టుపక్కల పనిచేసే నాల్బంద్‌ను ఎవరినైనా మాట్లాడుకోండి. ఒక్క గుర్రం కోసం అంత దూరం ఎందుకు వస్తాడు? నాలుగైదు గుర్రాలంటే వస్తాడు. ఇది కుదరకపోతే మాత్రం నా సలహా సూటిగా: లాడాలు వద్దు. మూడు నెలలు వదిలేసిన లాడం కంటే మూడు నెలలు వదిలేసిన ఉత్తి గిట్ట తక్కువ చెడుతుంది. కనీసం అంచులు తమంతట తాము విరిగి రాలిపోతాయి.

హింస అంటున్న అమ్మాయికి ఒక మాట చెప్పండి. గిట్ట బయటి గోడలో నరాలు ఉండవు, మన గోరు చివరలాగే. సరైన చోట కొట్టిన మేకు గుర్రానికి నొప్పి పుట్టించదు. అయితే ఆమె మాటలో నిజం లేకపోలేదు. గుర్రం బరువు మోపిన ప్రతిసారీ గిట్ట వెనకభాగం, అంటే మడమల వైపు, కాస్త విచ్చుకుంటుంది. అడుగున మధ్యలో వి ఆకారంలో రబ్బరులా ఉండే ఫ్రాగ్ నేలను తాకి అదురును మింగుతుంది. గిట్ట చుట్టూ ఇనుము బిగిస్తే ఈ కదలిక తగ్గుతుంది. అందుకే మంచి నాల్బంద్ వెనక సగంలో మేకులు కొట్టడు. రోడ్డు మీద పట్టు విషయంలోనూ అమ్మాయిదే పైచేయి. నున్నగా అరిగిన ఇనుప లాడం సీసీ రోడ్డు మీద జారినంతగా ఉత్తి గిట్ట జారదు. హైదరాబాద్ బరాత్‌లలో గుర్రాలు జారడం మీరూ చూసే ఉంటారు. అమెరికాలో హ్యూస్టన్ పోలీసులు తమ గుర్రాలను లాడాల్లేకుండానే నగర వీధుల్లో తిప్పారు. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్స్‌లో గుర్రపు దూకుల జట్టు పోటీలో స్వర్ణం గెలిచింది స్వీడన్. ఆ జట్టులో పేడర్ ఫ్రెడ్రిక్సన్ ఎక్కిన ‘ఆల్ ఇన్’ అనే గుర్రానికి లాడాల్లేవు.

ఆ పోటీ వీడియో అమ్మాయి మీకు ఇప్పటికే చూపించి ఉంటుంది. ఆ గుర్రం దూకింది చదును చేసి, తడిపి, పోటీల కోసమే తయారుచేసిన నేల మీదని, దాన్ని చూసుకోవడానికి డాక్టర్లు, గిట్టల పనివాళ్ళు వెంటే ఉంటారని కూడా ఆమెకు గుర్తుచేయండి. మీది కంకర బాట.

నాన్నగారితో వాదన పెట్టుకోకండి. ఆయన కాలంలో చూసినవి జట్కా గుర్రాలు అయ్యుంటాయి. పొద్దస్తమానం తారు రోడ్డు మీద బండి లాగే గుర్రానికి గిట్ట పెరిగేదానికంటే అరిగేది ఎక్కువ, దానికి లాడం లేకపోతే బతుకు లేదు. ఆయన అనుభవం ఆ గుర్రాలకు సరైనదే. కాకపోతే మనిషి గుర్రాన్ని మచ్చిక చేసుకుని వేల ఏళ్ళయితే, మేకులతో కొట్టే ఇనుప లాడం విరివిగా వాడుకలోకి వచ్చింది మధ్యయుగాల్లోనే. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు సేనాని జెనోఫోన్, యుద్ధపు గుర్రాల గిట్టలు గట్టిపడాలంటే లాయం బయట పిడికిట పట్టేంత గుండ్రటి రాళ్ళు పరిచి వాటిమీద నిలబెట్టమన్నాడు. వారానికి రెండు స్వారీలు చేసే మీ గుర్రానికి అరుగుదల సమస్యే కాదు. దాని సమస్య వేరే చోట ఉంది.

రేసు గుర్రాలకు చాలా చిన్న వయసులోనే, తేలికపాటి అల్యూమినియం లాడాలు కొట్టడం మొదలవుతుంది. మొన పొడుగ్గా, మడమలు పల్లంగా, అరికాలు పలుచగా ఉండటం వాటిలో మామూలు. మీ దాని సంగతి తెలుసుకోవడానికి రేపు పొద్దున నాలుగు పనులు చేయండి. కాలెత్తి, అడుగు శుభ్రం చేసి, ఫ్రాగ్ మొనకు కాస్త ముందు అరికాలిని రెండు బొటనవేళ్ళతో గట్టిగా నొక్కండి. చెక్కలా ఉండాలి. మెత్తగా లోపలికి దిగుతుంటే అరికాలు పలుచన. తర్వాత ఫ్రాగ్‌ను చూడండి. వెడల్పుగా, నిండుగా ఉందా, సన్నగా ముడుచుకుపోయి మధ్యలో లోతైన చీలికతో ఉందా? మూడోది, చదును నేల మీద అమ్మాయిని దాన్ని నడిపించమని, మీరు పక్కన కూర్చుని ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. గిట్టలో ముందు నేలకు తగిలేది మడమ అయితే, లేదా అడుగంతా ఒకేసారి పడితే, నిశ్చింత. మొన ముందు గుచ్చి ఆ తర్వాత మడమ పడుతుంటే వెనకభాగం బలహీనంగానో నొప్పిగానో ఉందన్నమాట. చివరిది, గిట్టకు కాస్త పైన ఉండే చీలమండ కీలు వెనక రెండు పక్కలా వేళ్ళుపెట్టి నాడి చూడటం నేర్చుకోండి. ఆరోగ్యంగా ఉన్న రోజున అది అందీ అందనట్టు ఉంటుంది. ఆ ‘అందీ అందనట్టు’ మీ వేళ్ళకు అలవాటైతే, అది దడదడ కొట్టుకునే రోజున మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అరికాలు మెత్తగా అనిపిస్తే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల మీకు దగ్గరే, ముందుకాళ్ళకు పక్కనుంచి ఎక్స్‌రే తీయించండి. గిట్ట లోపలి ఎముక కింద అరికాలి మందం 15 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే ధైర్యంగా ముందుకెళ్ళవచ్చు. పదికి లోపు ఉంటే ముందుకాళ్ళ లాడాలు ఇప్పట్లో తీయకండి, ఎవరు ఎంత చెప్పినా.

నేనైతే ఇలా చేస్తాను. గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ళ మీదే ఉంటుంది కాబట్టి నాలుగూ ఒకేసారి విప్పను. నాల్బంద్ ఈసారి వచ్చినప్పుడు వెనక రెండు లాడాలు తీసేయించి, ముందు రెంటికీ మొన వెనక్కి తగ్గించి కొత్తగా కొట్టిస్తాను. ఈ వానల్లో ముందుకాళ్ళ లాడాలు విప్పను. రోజంతా నల్లరేగడి బురదలో నానిన అరికాలు మెత్తబడి ఉంటుంది, అలాంటి దాన్ని కంకర మీదికి తోలితే కమిలిపోతుంది. ఎండాకాలం మొదలుపెట్టినా చిక్కే, నేల బండలా ఉంటుంది, గిట్ట ఎండి పగుళ్ళిస్తుంది. దసరా, దీపావళి మధ్య మన వైపు నేల ఆరుతూ ఇంకా మెత్తదనం పోకుండా ఉంటుంది. ముందు లాడాలు విప్పడానికి అదే అదను.

విప్పిన రోజున నాల్బంద్ పక్కనే నిలబడండి. లాడం కొట్టేముందు చేసినట్టు అరికాలిని కత్తితో చెక్కి తెల్లగా, అందంగా చేయడం చేతికి అలవాటైన పని. ‘ఉస్తాద్, అరికాలి మీద, ఫ్రాగ్ మీద కత్తి పెట్టొద్దు, అంచు మాత్రం ఆకురాయితో గుండ్రంగా తిప్పండి’ అని మర్యాదగా ముందే చెప్పండి. ఆ మందమే దానికి ఇప్పుడు రక్ష. అంచు గుండ్రంగా ఉంటే పెళ్ళలు లేవవు. పాత మేకు రంధ్రాల దగ్గర రెండు మూడు నెలలు ముక్కలు రాలుతూ చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, దానికి కంగారుపడకండి. ఆయన రాకల మధ్య అంచును నాలుగు సార్లు రుద్దడానికి మీరే ఒక ఆకురాయి కొనుక్కుని, ఎలా పట్టుకోవాలో ఆయన దగ్గరే నేర్చుకోండి. అంతకు మించి మీరు చెక్కవద్దు.

మొదటి కొన్ని వారాలు స్వారీ లేదు. చదును మట్టి మీద నడిపించడం, అంతే. లాడాలు వద్దనేవాళ్ళలో కొందరు ‘మొదట్లో కుంటుతుంది, ఓర్చుకోవాలి’ అని చెబుతారు. నాకు ఆ మాట ఒప్పుదల లేదు. రాళ్ళ మీద ఆచితూచి అడుగేస్తే అది సహజమే. లాయంలో, మెత్తటి మట్టి మీద కూడా ఇబ్బందిగా నడుస్తుంటే అది నొప్పి. దానికి గిట్ట బూట్లు తొడగాలి, లేదా లాడాలు మళ్ళీ కొట్టించాలి. బూట్లు మన దగ్గర ఎక్కువగా తెప్పించుకోవాల్సినవే. గిట్ట చెక్కిన ఒకటి రెండు రోజుల్లోపే అడుగు పొడవు, వెడల్పు కొలిచి ఆర్డర్ ఇవ్వండి, పెరిగాక కొలిస్తే వదులవుతాయి. థరోబ్రెడ్ గిట్ట వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ కాబట్టి గుండ్రటి మోడళ్ళు నప్పవు. స్వారీకి ముందు తొడిగి, కాగానే విప్పేయాలి, మడమ పైన చర్మం ఒరుసుకుందేమో చూడాలి. కంకర బాట వరకు ముందుకాళ్ళకు బూట్లు వేసుకుని వెళ్తే మీ అమ్మాయి స్వారీకి ఆటంకం ఉండదు. వెనకకాళ్ళు మామూలుగా వాటంతట అవే సర్దుకుంటాయి. నీళ్ళ తొట్టి చుట్టూ నాలుగు బుట్టల నున్నటి గులకరాళ్ళు పోయించండి. రోజూ నీళ్ళకు వచ్చి వాటిమీద నిలబడటమే దానికి కసరత్తు. రోడ్డు పనికి వాడే క్రషర్ కంకర మాత్రం పోయకండి, దాని అంచులు కత్తులు.

దాణా గురించి అడగకపోయినా చెప్పాలి, ఎందుకంటే ఇది మారకుండా లాడాలు తీసినా ఉంచినా ఒకటే. బెల్లం ఈ రోజే ఆపేయండి. వారానికి రెండు గంటలు పనిచేసే గుర్రానికి తీపి, ధాన్యం ఎక్కువైతే లామినైటిస్ అనే గిట్ట వాపు వస్తుంది. అందులో గోడకూ లోపలి ఎముకకూ మధ్య ఉండే పట్టు ఊడిపోతుంది. గిట్టలు వేడిగా ఉండటం, నాడి బలంగా కొట్టుకోవడం, ముందుకాళ్ళు చాపి బరువంతా వెనక్కి వేసి నిలబడటం, ఇవి కనిపిస్తే ఆ గంటలోనే డాక్టర్‌ను పిలవాలి. గోధుమ తవుడులో భాస్వరం ఎక్కువ, నేపియర్‌లోని ఆక్సలేట్లు అనే లవణాలు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. రెండూ కలిసి ఏళ్ళ తరబడి పెడితే ఎముకలే గుల్లబారతాయి. తవుడు తగ్గించి, నేపియర్‌లో కొంత భాగం బదులు లూసర్న్ మేత, ఎండు గడ్డి పెట్టండి. ఉలవలు కొద్దిగా ఉండనివ్వండి. మార్పు రెండు వారాల మీద నెమ్మదిగా చేయండి, కడుపునొప్పి తెచ్చుకోవద్దు. గుర్రాల కోసం చేసిన ఖనిజ మిశ్రమం, అందులో రోజుకు 15 నుంచి 20 మిల్లీగ్రాముల బయోటిన్ అనే విటమిన్ ఉంటే మేలు. ఫలితం మాత్రం ఆరు నుంచి తొమ్మిది నెలలకు గాని కనిపించదు, ఎందుకంటే మంచి గోడ పైనుంచి కొత్తగా దిగి రావాలి. మొన దగ్గర గిట్ట పూర్తిగా మారడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. పైకి రాసే గిట్ట నూనెలు మెరుపుకే.

ఈ వానల్లో ఫ్రాగ్ చీలికలో నల్లటి, కంపుకొట్టే జిగురు కనిపిస్తే అది థ్రష్ అనే కుళ్ళు. రోజూ గీకి, బ్రష్‌తో కడిగి, ఆరనిచ్చి, పల్చటి పోవిడోన్ అయోడిన్ వేయండి. అన్నిటికంటే ముఖ్యం నిలబడటానికి పొడి చోటు. వాడేసిన ఇంజన్ ఆయిల్ పోయమని ఎవరైనా చెబుతారు, వద్దు. మైలుతుత్తం పొడి నేరుగా దట్టించడమూ వద్దు, అది కుళ్ళుతో పాటు బతికున్న కండనూ కాలుస్తుంది.

నాల్బంద్ వచ్చేలోపు ఆ కుడి లాడం మళ్ళీ సగం ఊడి వేలాడితే లాగి పీకకండి. గోడ బయట మడిచి ఉన్న మేకు మొనలను ముందు ఆకురాయితో అరగదీయండి. తర్వాత పటకారుతో వెనక కొసల నుంచి మొదలుపెట్టి, ఒకసారి ఇటు, ఒకసారి అటు, లోపలివైపుకు వంచుతూ వదులు చేయండి. బయటికి విరిచారా గోడ చీలుతుంది. పడిపోయిన మేకులన్నీ లెక్కపెట్టి ఏరండి. మేకు అడుగులోకి దిగి ఉంటే వెంటనే పీకేయకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఎంత లోతు, ఎటు దిగిందో ఎక్స్‌రేలో తెలిస్తే వైద్యం సగం సులువు. అది ఇంకా లోపలికి దిగేలా ఉంటే తప్పదు, తీసేసి చోటు గుర్తుపెట్టుకోండి. గుర్రాలకు ధనుర్వాతం చాలా తేలిగ్గా వస్తుంది. టీటీ వేయించి ఎంతకాలమైందో ఈ వారమే చూసుకోండి.

ఉగాది నాటికి ముందుకాళ్ళ సంగతి తేలిపోతుంది. అప్పటికీ మట్టిబాట మీద హాయిగా నడవలేకపోతే ముందు రెంటికీ లాడాలు కొట్టించండి, వెనకవి ఉత్తినే ఉంచండి. చాలా గుర్రాలు జీవితాంతం అలాగే ఉంటాయి, అందులో ఓడిపోయిందేమీ లేదు, మీ అమ్మాయికి ఈ మాట ఇప్పుడే చెప్పి పెట్టండి. విప్పిన లాడాల కోసం మాత్రం జనం మీ గేటు ముందుకొస్తారు, గుమ్మానికి కొట్టుకోవడానికి ఒకరు, శని పోవడానికి ఉంగరం చేయించుకుంటామని ఇంకొకరు. ఇచ్చేయండి, మేకులు మాత్రం పీకి ఇవ్వండి.

నాల్బంద్ వచ్చి వెళ్ళాక నాలుగు గిట్టల ఫొటోలు పంపితే చూసి చెబుతాను. గుర్రాన్ని చదును బండ మీద నిలబెట్టి, ఫోన్‌ను నేలకు ఆనించి, సరిగ్గా పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి, కాలెత్తి అడుగుది ఒకటి తీయండి. నిలబడి పైనుంచి తీసినవాటిలో మడమ ఎత్తు తెలియదు.